వెన్నెముకను కట్టి ఉంచు బంధనములు

ఒక కుటుంబమునకు కోలుకొనరాని నష్టము కలిగినప్పుడు "ఆ యింటి నడుము విరిగినది" అని మన పెద్దలు చెప్పుదురు. రెక్కాడినగాని డొక్కాడని యింట ఈ మాట అక్షరాల నిజము. పని చేయు మనిషి నడుము పడిపోయిన నాడు ఆ యింటి రాబడి ఆగును, అప్పు ప్రారంభమగును, పిల్లల చదువు మధ్యలో నిలిచిపోవును. జ్వరమునకు, విరేచనములకు భయపడునంతగా నడుమునొప్పికి మనవారు భయపడరు. అది పనితో వచ్చిన అలసట యనియు, వయస్సుతో వచ్చిన బలహీనత యనియు ఊరకుందురు. అనేక సందర్భములలో అది నిజమే కావచ్చును. కాని కొన్ని సందర్భములలో ఆ నొప్పి వెనుక వెన్నెముకలోని చిన్న పట్టీ యొకటి దెబ్బతినియుండును. ఆ పట్టీ సంగతి ముందుగా తెలిసికొన్నచో కాళ్ళు పడిపోవు ప్రమాదమును పెక్కుమార్లు తప్పింపవచ్చును.

బెల్లంపల్లి ప్రాంత ప్రజలకు ఈ బాధ కొత్తది కాదు. కాజీపేట - బల్లార్షా రైలుమార్గముమీద నున్న ఈ పట్టణము 1920ల దశాబ్దము చివరినుండి బొగ్గుగనులతో పెరిగినది. తట్టయు చెమ్మసును చేతబట్టి, గనిలోపల వంగిన నడుముతో బొగ్గునెత్తి టబ్బులు నింపిన కార్మికుల తరములు ఇచట గడచినవి. తరువాత యంత్రములు వచ్చినవి. పాత గనులనేకము మూతపడినవి. అయినను బరువు మోయు పని పోలేదు. తాండూరు, కాసిపేట, నెన్నెల, భీమిని, కన్నెపల్లి, వేమనపల్లి మండలముల గ్రామములలో నేటికిని పత్తిబోరెములు, వడ్లబస్తాలు, సిమెంటు సంచులు మనుష్యుల వీపుల మీదనే ఎక్కి దిగుచున్నవి. కావున వెన్నెముక ఏ విధముగా నిలిచియున్నదో, అది ఎట్లు చెడునో, దానిని కాపాడుటలో గ్రామపంచాయతి చేయదగిన పని యేమో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

వెన్నెముక నిర్మాణము

వెన్నెముక ఒకే యెముక కాదు. అది 33 పూసల వరుస. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు విడివిడిగా నుండును. వాని క్రింద 5 పూసలు కలిసిపోయి త్రికాస్థిగాను, చివరి 4 చిన్న పూసలు కలిసి అనుత్రికముగాను ఏర్పడినవి. విడిగా నున్న పూసల నడుమ మెత్తలవంటి బిళ్ళలు గలవు. వీనినే వైద్యులు డిస్కులందురు. వీని సంఖ్య 23. ప్రతి డిస్కు లోపల గుజ్జువంటి పదార్థము, దానిచుట్టు గట్టి నారవలయములు ఉండును. బండి చక్రమునకు రబ్బరు తొడుగు ఎట్లో, పూసకు డిస్కు అట్లు. అదురును తాను భరించి యెముకను కాపాడును.

పూసల వెనుక భాగములన్నియు ఒకదానిపై నొకటి చేరగా నడుమ ఒక కాలువ ఏర్పడును. మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము ఈ కాలువలో భద్రముగా నుండును. పెద్దవారిలో వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. అది నడుము మొదటి, రెండవ పూసల యొద్ద ముగియును. అచటినుండి క్రిందికి నరములు గుఱ్ఱపుతోక వెంట్రుకలవలె వ్రేలాడుచు కాళ్ళకును, మూత్రాశయమునకును, మలద్వారమునకును పోవును. మనము నడచుటయు, మూత్రము పట్టుకొనుటయు, విడుచుటయు ఈ నరముల చలువయే.

పూసలు పేర్చిన రాళ్ళవంటివి. సున్నము లేక పేర్చిన రాతిగోడ నిలువదు. పూసలను ఒకదానితో నొకటి బిగించి, వంగుటకు వీలు నిచ్చుచు, మితిమీరి వంగకుండ ఆపునట్టివి నారపట్టీలు. వానికే సంధిబంధనములని పేరు.

బంధనములు ఎట్టివి

వెన్నెముకకు ముఖ్యముగా మూడు పొడవైన కట్టు గలవు. మొదటిది పూసల ముందుభాగమున, అనగా పొట్టవైపున, తల అడుగునుండి త్రికాస్థి వరకు దిగు వెడల్పైన పట్టీ. దీనిని ముందు దీర్ఘబంధనమందురు. మనిషి వెనుకకు మితిమీరి వంగకుండ ఇది ఆపును.

రెండవది పూసల వెనుకతట్టున, వెన్నుపాము ఉండు కాలువకు ముందుగోడగా నున్నది. దీనిని వెనుక దీర్ఘబంధనమందురు. మెడలోని రెండవ పూసనుండి త్రికాస్థి వరకు ఇది సాగును. మనిషి ముందునకు వంగినప్పుడు పూసలు విడిపోకుండ పట్టునదియు, డిస్కులోని గుజ్జు నేరుగా వెన్నుపాముమీదికి రాకుండ అడ్డుకొనునదియు ఇదియే. అయితే దీని నిర్మాణములో ఒక లోపము కలదు. మెడలో వెడల్పుగా నున్న ఈ పట్టీ నడుములోనికి వచ్చుసరికి సన్ననై, మధ్యలో మాత్రమే నిలుచును. ఎక్కువ బరువు పడు చోటనే రక్ష తక్కువ. డిస్కు జారుటలో ఈ లోపము ఎంత ముఖ్యమో ముందు తెలియును.

మూడవది ఆ కాలువకు వెనుకగోడ. పూస వెనుక నున్న పలకలను ఒకదానితో నొకటి కలుపు ఈ పట్టీలు పసుపుపచ్చగా నుండును గనుక వీనిని పసుపు బంధనములందురు. వీనిలో నూటికి సుమారు 80 వంతులు సాగుడు నార యుండుటచే ఇవి రబ్బరువలె సాగి మరల ముడుచుకొనును. వంగిన మనిషి మరల నిటారుగా లేచుటకు ఇవి తోడ్పడును.

వీని వెనుక పూసల ముళ్ళను కలుపు బంధనములు మరికొన్ని గలవు. మెడలో నున్న అట్టి బంధనము పశువులలో మిక్కిలి బలమైనది. ఎద్దు గంటలకొలది తలవంచి మేసినను మెడ అలసిపోకుండుట దీని బలముచేతనే.

ఇట్లు వెన్నుపాము రెండు బంధనముల నడుమ, ముందుగోడ వెనుకగోడల మధ్య, ఇరుకైన సందులో నున్నది. మెడలో ఈ సందు ముందువెనుకల కొలత సుమారు 17 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ గోడ చిరిగినను, దళసరి యైనను, ఎముకగా మారినను నలుగునది వెన్నుపామే. ఈ ఒక్క సంగతి జ్ఞాపకమందుంచుకొన్నచో తరువాతి విషయములన్నియు సులభముగ బోధపడును.

బరువు - డిస్కు జారుట

ఒక హమాలీ నేలమీదనున్న 40 కిలోల వడ్లబస్తాను నడుము వంచి, చేతులు చాచి లేపుచున్నాడనుకొందము. ఇచట వెన్నెముక ఏతామువలె పని చేయును. బస్తా నడుముపూసకు సుమారు 40 సెంటీమీటర్ల ముందున్నది. దానిని సరితూచవలసిన వీపు కండరములు పూసకు వెనుక సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే గలవు. అనగా కండరములు ఎనిమిది రెట్ల బలముతో, 320 కిలోల బరువునకు సమానముగ లాగవలెను. ఆ లాగుడంతయు నడుము డిస్కుమీద పడును. అదే బస్తాను పొట్టకు చేర్చి 20 సెంటీమీటర్ల దూరమునకు తెచ్చుకొన్నచో ఆ లాగుడు సగమై 160 కిలోలకు దిగును. బస్తా అదియే, మనిషి ఆతడే. లేపు తీరు మారుటచేత భారము సగమైనది.

సంవత్సరముల తరబడి ఇట్టి భారము పడినప్పుడు డిస్కు చుట్టునున్న నారవలయము చీలును. లోపలి గుజ్జు వెనుకకు పొడుచుకొని వచ్చును. మధ్యలో వెనుక దీర్ఘబంధనము అడ్డముగ నుండును గనుక, ఆ గుజ్జు బంధనపు అంచును తప్పించుకొని ప్రక్కగా వెడలి, కాలికి పోవు నరమును నొక్కును. ఇది సాధారణముగ నడుములోని చివరి రెండు డిస్కుల యొద్ద జరుగును. అప్పుడు పిరుదునుండి తొడ, పిక్కల మీదుగా పాదము వరకు మెరుపువలె నొప్పి దిగును. దగ్గినను, తుమ్మినను అది హెచ్చును. ప్రజలు దీనినే "నరము పట్టినది" అందురు. డిస్కు జారుటకును, కాలి నొప్పికిని గల ఈ సంబంధమును 1934లో అమెరికా వైద్యులు మిక్స్టరు, బార్ అనువారు స్పష్టముగ వెల్లడించిరి.

ఈ రోగులలో అధికసంఖ్యాకులు ఆరు నుండి పన్నెండు వారములలో శస్త్రచికిత్స లేకుండగనే కోలుకొందురు. ఒకటి రెండు దినములకు మించి మంచము పట్టుట మేలు కాదు, ఓపినంతమేరకు నడచుచుండవలెను. బరువులెత్తరాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచే నడుము తొక్కించుకొనుట, తన్నించుకొనుట, వాతలు పెట్టించుకొనుట మన పల్లెలలో గల ఆచారములు. చీలిన డిస్కుమీద కాలు మోపుట ఎంత ప్రమాదమో పైన చెప్పిన నిర్మాణమును బట్టి ఊహింపవచ్చును. పూటకొక నొప్పిబిళ్ళ చొప్పున వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగుటవలన నడుము బాగుపడకపోగా మూత్రపిండములు, కడుపు చెడిపోవును.

బరువు లేపునప్పుడు పాటింపవలసిన నియమములు సులభమైనవి. మోకాళ్ళు వంచి కూర్చుండి, బరువును పొట్టకు చేర్చి, కాళ్ళ బలముతో లేవవలెను. బరువుతో నడుమును మెలిత్రిప్పరాదు. పాదములను త్రిప్పి మనిషియంతయు తిరుగవలెను. రాత్రి పడుకొన్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బియుండును గనుక తెల్లవారి లేచిన వెంటనే వంగి బరువులెత్తరాదు. కొంతసేపు అటునిటు తిరిగిన పిమ్మట పని మొదలిడవలెను.

నీరు - బంధనము ఎముకగా మారుట

బంధనము చిరుగుట ఒక కీడు. అది గట్టిపడుట మరియొక కీడు. మెత్తని నారపట్టీ ఎముకగా మారినచో కాలువ గోడ లోపలికి పెరిగి వెన్నుపామును క్రమముగ నొక్కును. ఇట్టి మార్పును తెలుగు ప్రజలు ఎక్కువగా అనుభవించిరి. దానికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు.

తొలుత నాగలి ఎద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను ఆంధ్రదేశపు రైతులు గమనించిరనియు, అదే వ్యాధి మనుష్యులలో కొన్ని సంవత్సరములకు గాని గుర్తింపబడలేదనియు వైద్యగ్రంథములలో వ్రాయబడినది. అప్పటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా గ్రామములలోని ఈ వ్యాధిని గూర్చి షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దీఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసెను. తరువాత హైదరాబాదులో నరముల శస్త్రవైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఈ వ్యాధివలన వెన్నుపాము నలిగిపోయిన రోగులను దీర్ఘకాలము పరిశీలించి పెక్కు వ్యాసములు ప్రకటించిరి.

ఫ్లోరైడు రంగు, రుచి, వాసన లేనిది. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము లోపుగ నుండుట మంచిదనియు, వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. దానికి మించిన నీటిని సంవత్సరముల తరబడి త్రాగినచో మొదట పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు కనబడును. ఆ పిమ్మట యెముకలు బరువెక్కును. ముందు, వెనుక దీర్ఘబంధనములును, పసుపు బంధనములును సున్నము పట్టి యెముకగా మారును. మనిషి నడుము, మెడ కొయ్యవలె బిగియును. ఆకాశమును చూచుటకు తల యెత్తలేడు. ప్రక్కవారు పిలిచిన తల త్రిప్పలేక మనిషియంతయు తిరుగును. చివరకు కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్ళు బిగిసి పడిపోవును.

ఎముకగా మారిన బంధనమును మరల మెత్తని నారగా మార్చగల మందు లేదు. శస్త్రచికిత్సచే వెన్నుపాముపై ఒత్తిడిని కొంత తొలగింపవచ్చును గాని అది మిక్కిలి క్లిష్టమైనది. కావున నివారణమే అసలు వైద్యము. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970ల దశాబ్దములో రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టిరి. ఒక జిల్లా బాధ ప్రపంచ వైజ్ఞానిక గ్రంథములలో ఆ జిల్లా పేరుతోనే నిలిచినది. అంతకంటె మేలైన మార్గము నదీజలమును ఇంటింటికి తెచ్చుట. తెలంగాణమున 2016 ఆగస్టు 7వ తేదీన ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఈ పనికి పూనుకొన్నది.

అయినను గ్రామములలో కుళాయి నీరు రాని దినమున ప్రజలు మరల బోరుబావి యొద్దకు పోవుదురు. పొలము పనికి పోయినవారు పొలములోని బోరునీరే త్రాగుదురు. కొందరు రుచికొరకు అలవాటుగా పాత బోరునే ఆశ్రయింతురు. కావున కుళాయి వచ్చినదని బోరునీటి పరీక్షను విడువరాదు.

ఫ్లోరోసిస్‌ను తొలిదశలో అనుమానించుటకు మూడు సులభ పరీక్షలు గలవు. మోకాళ్ళు వంచక వంగి కాలివ్రేళ్ళను తాకుమనుట ఒకటి. గడ్డమును రొమ్ముకు ఆనించుమనుట రెండవది. చేతులు చాచి ముడిచి తలవెనుక చేర్చుమనుట మూడవది. ఒక పేటలో పలువురు వీనిని చేయలేకపోయినచో ముందు ఆ పేట నీటిని పరీక్షింపవలెను.

ఇతర కారణములు

బిగిసిన నడుము లన్నియు ఫ్లోరైడుచే వచ్చినవి కావు. యువకులలో తెల్లవారుజామున నడుము బిగిసి, తిరిగినకొలది సడలు ఒక వాతవ్యాధి కలదు. దానిలో బంధనములు క్రమముగ యెముకగా మారి వెన్నెముక వెదురుబొంగువలె అగును. దీనికి నేడు మంచి మందులు గలవు. తొలిదశలోనే వైద్యునికి చూపింపవలెను. ఫ్లోరైడు సంబంధము లేకుండగనే మెడలోని వెనుక దీర్ఘబంధనము ఎముకగా మారు వ్యాధిని జపాను వైద్యుడు త్సుకిమోటో 1960లో వర్ణించెను. ఇది తూర్పు ఆసియా ప్రజలలో ఎక్కువ. దీనిచే చేతివ్రేళ్ళు మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకొనుట కష్టమగును. నడకలో తూలుడు వచ్చును.

వృద్ధులలో పసుపు బంధనము సాగుడు గుణము పోయి దళసరియగును. అట్టివారు కొంతదూరము నడచునప్పటికి కాళ్ళు మొద్దుబారి నిలిచిపోవుదురు. అరుగుమీద ముందునకు వంగి కూర్చున్నంతనే బాధ తగ్గును. వంగినప్పుడు ఆ బంధనము సాగి కాలువ కొంత వెడల్పగుటయే దానికి కారణము. ఇది వయస్సుచే వచ్చిన సోమరితనము కాదు. చికిత్స గల వ్యాధి.

మరియొక శత్రువు క్షయ. వెన్నుపూసకు క్షయ పట్టినప్పుడు చీము ముందు దీర్ఘబంధనము క్రిందుగా ఒక పూసనుండి మరియొక పూసకు ప్రాకును. వారములకొలది తగ్గని వెన్నునొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, వీపున గూను లేచుట దీని గుర్తులు. క్షయకు ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగ లభించును. సకాలమున వాడినచో చాలమందికి శస్త్రచికిత్స అవసరము లేకుండగనే నయమగును.

ప్రమాదములు - మోయు తీరు

తాటిచెట్టునుండి గీతకార్మికుడు జారుట, బండిమీదనుండి పడుట, బావిలో పడుట, గోడ కూలుట, గనిలో పైకప్పు రాలుట - ఇవి మన ప్రాంతమున కొత్త సంగతులు కావు. 1983లో డెనిస్ అను వైద్యుడు వెన్నెముకను మూడు నిట్రాళ్ళుగా విభజించి చూపెను. ముందు దీర్ఘబంధనము మొదటి నిట్రాటిలోను, వెనుక దీర్ఘబంధనము నడిమి నిట్రాటిలోను, పసుపు బంధనము మొదలగునవి వెనుక నిట్రాటిలోను చేరును. వీనిలో రెండు నిట్రాళ్ళు చెడినచో వెన్నెముక నిలకడ తప్పును. అప్పుడు పూస కొంచెము కదలినను వెన్నుపాము తెగిపోవచ్చును.

కావున క్రింద పడిన మనిషికి జరుగు రెండవ గాయము మనచేతులలోనే యున్నది. జాలిపడినవారు పరుగున వచ్చి చంకలు, కాళ్ళు పట్టి లేపుదురు. కూర్చుండబెట్టి నీరు త్రాగింతురు. ఆటోలో వంచి కూర్చుండబెట్టి తీసికొనిపోవుదురు. పడినప్పుడు కాళ్ళు ఆడించిన మనిషి వైద్యశాల చేరునప్పటికి ఆడింపలేకపోవుట ఇట్టి తొందరపాటువలన జరుగవచ్చును. రోడ్డు లేని గూడెములలో రోగిని మంచము మీద మోయుట ఆచారము. నులకమంచము నడుమ జారి గుంటపడును గనుక వెన్ను విరిగినవానికి అది తగదు.

చేయవలసిన దేమనగా: నిప్పు, నీరు, కూలు గోడవంటి అపాయము లేనిచో మనిషిని కదల్పక 108కు ఫోను చేయవలెను. ఈ సేవ 2005 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. తలకు రెండు ప్రక్కల మడచిన దుప్పట్లుంచి మెడ కదలకుండ చూడవలెను. వాహనము రాలేని చోట తప్పనిసరియైన, ఊడదీసిన తలుపురెక్కను గాని, వెడల్పైన గట్టి పలకను గాని తేవలెను. ఒకరు తలను, మెడను రెండు చేతుల పట్టవలెను. ముగ్గురు ఒకే ప్రక్కన మోకరించి భుజము, తుంటి, కాళ్ళు పట్టవలెను. తల పట్టినవాని మాటతో అందరును ఒక్కసారిగా మనిషిని దుంగవలె ప్రక్కకు దొర్లించి, పలకను చేర్చి, మరల వెల్లకిల చేయవలెను. ఆ పిమ్మట గుడ్డలతో పలకకు కట్టి మోయవలెను.

ఆలస్యము పనికిరాని గుర్తులు

నడుమునొప్పి గలవారిలో ఈ క్రింది గుర్తులేవి కనబడినను ఆ దినముననే పెద్ద వైద్యశాలకు పంపవలెను. మూత్రము రాకుండుట లేక తెలియకుండ పోవుట. మలము ఆపుకొనలేకపోవుట. కూర్చుండు చోట, మలద్వారము చుట్టు స్పర్శ తెలియకపోవుట. రెండు కాళ్ళును బలహీనమగుట. పాదము వ్రేలాడుట. గుఱ్ఱపుతోకవంటి నరములన్నియు ఒక్కసారిగా నొక్కుకొనిపోయినప్పుడు ఈ గుర్తులు వచ్చును. సాధ్యమైనంత త్వరగా, 48 గంటలలోపుననే శస్త్రచికిత్స జరిగిన కోలుకొను అవకాశమధికము. సిగ్గుచే స్త్రీలు ఈ గుర్తులను చెప్పక దాచుదురు. ఆశా కార్యకర్తలు వారిని విడిగా, నెమ్మదిగా అడిగి తెలిసికొనవలెను.

పంచాయతి కర్తవ్యము

పంచాయతి సభ్యులు వైద్యులు కానక్కరలేదు. వారు చేయగల పనులు వేరు. గ్రామములోని ప్రతి బోరుబావి నీటిని, పొలములలో జనులు త్రాగు బోరులతో సహా, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి సహాయముతో పరీక్ష చేయించి, ఫ్లోరైడు మించిన బోరుపై "త్రాగరాదు" అని ఎఱ్ఱరంగుతో వ్రాయింపవలెను. చదువురానివారికి గూడ తెలియునట్లు ఆ గుర్తు సంగతిని గ్రామసభలో చెప్పవలెను. కుళాయి నీరు ఆగిన దినములలో మంచినీటికి వేరు ఏర్పాటు ముందే యోచించి యుంచవలెను.

పంచాయతి కార్యాలయములో ఆరడుగుల గట్టి పలక ఒకటి, కట్టుటకు గుడ్డపట్టీలు, రెండు దుప్పట్లు ఉంచుట పెద్ద ఖర్చు కాదు. పది పన్నెండుమంది యువకులకు, పంచాయతి సిబ్బందికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచే దొర్లించి మోయు పద్ధతిని ఏడాదికి రెండుసార్లు చేయించి చూపవలెను. గీతకార్మికులకు 2024లో ప్రభుత్వము ప్రారంభించిన కాటమయ్య రక్ష పరికరములు తమ గ్రామమున అందినవో లేదో, అందినవారు వాడుచున్నారో లేదో విచారింపవలెను. వడ్ల కొనుగోలు కేంద్రములలో బస్తాలు నేలమీదనుండి గాక నడుమెత్తు అరుగుమీదనుండి లారీకెక్కు ఏర్పాటు చేయించినచో హమాలీల నడుములు ఎన్ని సంవత్సరములు ఎక్కువ నిలుచునో చెప్పనక్కరలేదు.

ఇప్పటికే కాళ్ళు పడిపోయిన వారిని మరువరాదు. వారికి సదరం శిబిరమున వికలాంగ ధ్రువపత్రము, పింఛను, చక్రాలకుర్చీ లభించునట్లు చూచుటయు, పంచాయతి భవనమునకు మెట్ల ప్రక్క వాలుదారి కట్టించుటయు సభ్యుల బాధ్యతయే. వెన్నుపాము నలిగినవారికి పుండ్లు పడకుండ రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెనని ఇంటివారికి నేర్పవలెను.

వెన్నెముకను నిలిపియుంచునవి కంటికి కనబడని సన్నని నారపట్టీలు. అవి చిరుగకుండుటకు బరువు లేపు తీరు, బిగియకుండుటకు మంచినీరు, గాయపడిన నాడు తెగకుండుటకు మోయుటలో ఓపిక - ఈ మూడును ఏ పట్టణపు పెద్ద వైద్యశాలలోను దొరకునవి కావు. ఇవి ఊరిలోనే, ఊరివారి చేతులలోనే యున్నవి. రాబోవు గ్రామసభలో నీటిపరీక్షను, గట్టి పలకను చర్చనీయాంశములుగా చేర్చి తీర్మానము చేసికొన్న పంచాయతి, తన గ్రామములోని యే యింటి నడుమును విరుగకుండ కాపాడుటకు మొదటి అడుగు వేసినదగును.